ఊడ్చేసిన కణాలు

హెల్కా తోల్వనెన్ ఏళ్ళ తరబడి చేసిన పనిని ఇల్మో రౌటియో కాఫీ గదిలో, అందరూ వింటుండగా, ఒక్క మాటతో తీసి పారేశాడు. అతను ప్రొఫెసరు. ఆమె అతని దగ్గర డాక్టరేట్ చేస్తున్న నలభై నాలుగేళ్ళ మనిషి. ఆ ఉదయం ఆమె తన కంప్యూటర్‌ను అతని ముందుకు తిప్పి, "ఈ గుంపు చూడు ఇల్మో, ఇలాంటి కణాల గురించి ఇంతవరకూ ఎవరూ రాయలేదు," అంది. అతను దాల్చినచెక్క బన్ను నములుతూ ఒకసారి చూశాడు.

"ఎవరూ ఎందుకు రాయలేదంటే అవి లేవు కాబట్టి. ఒకే చుక్కలో రెండు కణాలు ఇరుక్కున్నాయి, అంతే. నువ్వు వాటికి పెళ్ళి చేసి, పుట్టిన బిడ్డకు పేరు పెడుతున్నావు."

గదిలో అందరూ నవ్వారు.

"ఇవి జంటలు కావు," అంది హెల్కా.

"నువ్వు పెళ్ళి పెద్దవి కదా, మాకంటే నీకే బాగా తెలుస్తుందిలే," అంటూ బన్ను పొడి దులుపుకుని వెళ్ళిపోయాడు.

ఆ పేరు నిలిచిపోయింది. తర్వాత జరిగిన దానికి మాత్రం ఎవరూ నవ్వలేదు, ఎందుకంటే ఎవరూ పట్టించుకోలేదు. డాక్టరేట్ కోసం ఆమె రాస్తున్న పుస్తకంలో ఆ కణాల అధ్యాయాన్ని ఇల్మో తీసేయించాడు. ఆ పని మీద వచ్చిన వ్యాసంలో ఆమె పేరు రచయితల్లో లేదు, చివర కృతజ్ఞతల్లో ఉంది, గాజు సామాను తెప్పించిన మనిషి పేరు పక్కన. వసంతంలో ఆమె ఒప్పందం ముగిసింది, మళ్ళీ రాయలేదు. గురువు సంతకం లేనిదే పుస్తకం పరీక్షకుల దగ్గరికి వెళ్ళదు. వేరే ఎవరి దగ్గరికైనా పోదామంటే, ఇల్మో కొట్టేసిన దాన్ని నెత్తినెత్తుకునేవాళ్ళు ఈ ఊళ్ళో లేరు. చదువుకున్నవాళ్ళ ధైర్యం ఎంతుంటుందో నాకు తర్వాత ఈ కథ విన్నాకే తెలిసింది.

ఈ సంగతంతా నాకు పట్టడానికి కారణం, అలాంటి కణాలే నా తలలోనూ ఉన్నాయి.

నేను కలప లారీ నడిపేవాణ్ణి. ఒక ఉదయం మిల్లు ఆవరణలో లారీ ఆపి దిగగానే మూర్ఛ వచ్చి మంచులో పడ్డాను. తలను ఫోటో తీస్తే మెదడులో చిన్న గడ్డ కనిపించింది. అక్కడి సన్నని రక్తనాళాలు ఉబ్బి, గోడలు పలచబడి, రాస్ప్‌బెర్రీ పండులా గుత్తి కట్టాయి. ఆ గోడల్లోంచి రక్తం కొంచెం కొంచెం ఊరుతుంది. నాకు అలాంటివి రెండున్నాయి. పైనున్న దాన్ని కోసి తీశారు. లోతుగా ఉన్నదాని జోలికి వెళ్ళలేదు. దాంతోపాటు నా లారీ లైసెన్సు కూడా తీసేశారు.

పని లేనివాడికి మా ఊళ్ళో వెచ్చగా ఉండే చోటు గ్రంథాలయం ఒక్కటే. అక్కడ కూర్చుని ఆ గడ్డ గురించి దొరికిందల్లా చదివాను. సగం అర్థమయ్యేది కాదు, డిక్షనరీ పెట్టుకుని మళ్ళీ చదివేవాణ్ణి. ప్రతి పుస్తకమూ చివరికి ఒకే మాట చెప్పేది: ఏది ఎప్పుడు కారుతుందో ముందుగా చెప్పలేం. జీతాలు తీసుకుని ఇంతమంది ఇన్నేళ్ళు చదివి చెప్పేది ఇదా అని నాకు ఒళ్ళు మండేది. ఆ మంటతోనే ఒకరోజు ఆసుపత్రిలో కణజాల పరీక్ష విభాగానికి వెళ్ళి, నా తలలోంచి తీసిన ముక్క చూపించమని అడిగాను. కిటికీ దగ్గరున్న అమ్మాయి కుదరదంది. నేను కదల్లేదు. లోపల్నుంచి పొట్టిగా, దృఢంగా ఉన్న ఒకామె చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఇల్మో దగ్గర పని పోయాక హెల్కా అక్కడ కణజాలాన్ని పలచగా కోసి, రంగులద్ది, గాజు పలకల మీద పరిచే ఉద్యోగంలో చేరింది. అదేమీ నాకప్పుడు తెలియదు.

"ఎందుకు చూడ్డం?" అంది.

"నాది కాబట్టి."

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. "బూట్లు విప్పి రా. నేల ఇప్పుడే కడిగారు."

సూక్ష్మదర్శినిలో గులాబీ రంగు గీతల మధ్య పెద్ద పెద్ద ఖాళీలు కనిపించాయి.

"ఇంతేనా? దీనికోసమా నా లారీ పోయింది?"

"ఇంకాస్త పెద్దదైతే నువ్వు నడిచొచ్చి నా మీద అరిచేవాడివి కాదు."

"కొన్ని కారతాయి, కొన్ని కారవు అంటారు. ఎందుకు?"

ఆమె నా పేరడిగింది. "తనెలీ, చేపలు పడతావా?" అంది.

మా దగ్గర మనసులో మాట చెప్పాలనుకున్న మనిషి అవతలివాణ్ణి ఆవిరి స్నానానికో, గడ్డకట్టిన సరస్సు మీదికో పిలుస్తాడు. ఆ శనివారం మంచులో చెరో రంధ్రం తొలుచుకుని, వీపులు గాలికి పెట్టి కూర్చున్నాం. తన కథంతా అక్కడే చెప్పింది, నీళ్ళలోకి చూస్తూ, నా వైపు తిరక్కుండా.

ఆమె పుట్టింది పాడి పశువుల ఇంట్లో. చదువు మధ్యలో ఆపి ఆసుపత్రి ప్రయోగశాలలో చేరింది, పెళ్ళి చేసుకుంది, విడిపోయింది, కూతురు పెద్దదయ్యాక మళ్ళీ చదువులోకి వచ్చింది. అప్పుడే ఆ కొత్త పద్ధతి మా ఊరికి వచ్చింది. అంతకుముందు గడ్డ మొత్తాన్ని రుబ్బి, అందులో ఏ జన్యువులు పనిచేస్తున్నాయో చదివేవారు. కొత్త పద్ధతిలో గడ్డను విడగొట్టి, ఒక్కో కణాన్ని నూనెలో తేలే ఒక్కో నీటి చుక్కలో పెట్టి, ఏ కణం ఏం చేస్తోందో విడివిడిగా చదువుతారు.

"లారీ మొత్తాన్ని తూకం వేస్తే ఏ దుంగ పుచ్చిందో తెలీదు. దుంగ దుంగా దించి చూడాలి. అంతేనా?" అన్నాను.

"అంతే. చుక్కలోకి ఒక్కోసారి రెండు కణాలు దూరతాయి. అది పెద్ద తలనొప్పి."

"మాకూ ఉందది. చలికాలంలో రెండు దుంగలు మంచుకు అతుక్కుపోతాయి. మిల్లు కెమెరా ఒకే లావు దుంగ అనుకుంటుంది."

"నాది తిరగేసి. ఉన్నది ఒకే దుంగ. వాళ్ళు రెండనుకుని పారేశారు."

అది ఆమె బాధ అంతా. ఈ పనిలో ఉన్నవాళ్ళందరికీ ఒక అలవాటుంది. ఫలితాలు రాగానే, వంటకి ముందు చేతులు కడుక్కున్నట్టు, జంటల్ని ఊడ్చే ప్రోగ్రాం నడుపుతారు. రెండు రకాల కణాల గుర్తులు ఒకే చుక్కలో కనిపిస్తే అది జంటే అని ఆ ప్రోగ్రాం కొట్టేస్తుంది. ఊడ్చిన దాంట్లో ఏముందో ఎవరూ చూడరు. ఒకసారి పొరపాటున ఆ మెట్టు దాటేసి చూసినప్పుడు హెల్కాకు ఆ గుంపు కనిపించింది. వాటిలో రక్తనాళం లోపలి పొర గుర్తులున్నాయి, గోడ బయటి కండర కణాల గుర్తులూ ఉన్నాయి. అవి జంటలు కావనీ, ఒక రకం నుంచి ఇంకో రకంగా మారుతూ దారి మధ్యలో ఉన్న ఒంటి కణాలనీ ఆమె అనుకుంది. లోపలి పొర తన పని మానేస్తే గోడ కారుతుంది. అంటే గడ్డ ఎక్కడ పాడవుతోందో చెప్పే కణాలు అవే కావచ్చు. వాటినే అందరూ ఊడ్చేస్తున్నారు, ఇక్కడే కాదు, ప్రతి చోటా.

"ఇప్పుడేం చేస్తావు?" అన్నాను.

"యంత్రానికి ఇవ్వను. చేత్తో తీస్తాను. ఒక్కోటి."

"పిచ్చా?"

"అలాగే అంటున్నారు," అంది, దారం కదిపి చూసుకుంటూ.

ఆసుపత్రిలో హెల్కా పనిచేసే విభాగానికి పెద్ద ఒర్వొక్కి అనే ఆమె, ఆమె కూడా ప్రొఫెసరే. పదవీ విరమణకు దగ్గర పడింది, ఎవరికైనా భయపడే వయసు దాటింది. ఆమె హెల్కాతో, "నాకు కంప్యూటర్ చుక్కల బొమ్మలు తెలీవు, నమ్మను. కంటికి చూపించు. అప్పుడు నీ గురువుగా నేనే సంతకం పెడతాను," అందట. హెల్కాకు కావలసిందీ అదే. విడగొట్టిన కణాల్ని పళ్ళెంలో పరిచి, సూక్ష్మదర్శిని కింద వెంట్రుకకన్నా సన్నని గాజు గొట్టంతో ఒక్క కణాన్ని పీల్చి తీయాలి. తీసే ముందు దాన్ని ఫోటో తీయాలి. ఒకటే కణం, లోపల ఒకటే కేంద్రకం అని కనిపించాలి. తర్వాత దాన్ని పలకలో దానికంటూ ఉన్న చిన్న గుంటలో వదలాలి. ఒక్కో ఫోటోకూ ఒక సంఖ్య, ఆ సంఖ్యకు ఒక గుంట.

మొదటి శీతాకాలమంతా ఏమీ రాలేదు. శస్త్రచికిత్స జరిగితేనే తాజా ముక్క దొరుకుతుంది. దొరికినా, కణజాలాన్ని విడగొట్టే వెచ్చని ద్రవంలో మామూలు కణాలు బతికేవి, ఆమెకు కావలసినవి మాత్రం చితికిపోయేవి. తీసిన వాటిలో చదవడానికి ఏమీ మిగిలేది కాదు. ఇల్మో మనుషులు భోజనాల దగ్గర కనిపించి, "ఏం పెళ్ళి పెద్దా, ముహూర్తం కుదిరిందా?" అనేవారు. ఆమె, "పెళ్ళికొడుకు ఇంకా ఊ అనలేదు," అని ట్రే పట్టుకుని వెళ్ళిపోయేది. ఒక ఆదివారం సరస్సు మీద దారం కూడా వేయకుండా కూర్చుంది.

"ఒకవేళ ఇల్మో చెప్పిందే నిజమేమో తనెలీ," అంది. "అవి లేవేమో. నేను కోపంతో చూస్తున్నానేమో."

నాకు ఓదార్చడం రాదు. "కోపంతో చూస్తే రెండు ఒకటవుతాయా?" అన్నాను.

ఆమె చిన్నగా నవ్వి, నేను పట్టి పడేసిన చేపను నా వైపు తోసింది. అది బయటపడిన మరుక్షణమే బిగుసుకుని, తోక కూడా కదపకుండా పడి ఉంది. ఇంటికెళ్ళి బకెట్లో వేస్తే మళ్ళీ ఈదింది. అలాంటివి మేం వందసార్లు చూశాం. ఆమె మాత్రం, చలి దాన్ని చంపలేదు, కాపాడింది అనుకుని, మర్నాటి నుంచి పని మొత్తాన్ని చలిగదిలోకి మార్చింది. చల్లదనంలోనే పనిచేసే వేరే ద్రవం తెప్పించుకుంది. సరస్సు మీద వేసుకునే తన మందపాటి ఎర్ర సూటు తొడుక్కుని, వేళ్ళు కోసేసిన చేతి తొడుగులతో, ఆ గదిలో సూక్ష్మదర్శిని ముందు కూర్చునేది. ఆసుపత్రిలో ఆ వేషానికి కూడా నవ్వారు. కణాలు చితకడం మానేశాయి.

రెండో శీతాకాలం చివర ఆమె నా ఇంటి తలుపు కొట్టింది. లోపలికి రాలేదు, మెట్ల మీదే నిలబడింది.

"ఉన్నాయి," అంది.

అంత చిన్న మాటకు అంత వెలుగు ముఖం నేను ఎవరిలోనూ చూడలేదు.

పుస్తకం పూర్తయింది, ఒర్వొక్కి సంతకం పెట్టింది, పరీక్షకులు ఒప్పుకున్నారు. చివరిగా, సభ ముందు పుస్తకాన్ని సమర్థించుకునే బహిరంగ వాదన మిగిలింది. మే నెలలో ఒక శుక్రవారం, పెద్ద హాలు. హెల్కా నల్ల దుస్తుల్లో, పక్కన అధ్యక్ష స్థానంలో ఒర్వొక్కి, ఎదురుగా, పుస్తకాన్ని ప్రశ్నించి తీర్పు చెప్పడానికి స్వీడన్ నుంచి వచ్చిన ప్రతివాది. రోజూ పేరుతో పిలుచుకుని నువ్వు అనుకునేవాళ్ళు ఆ గదిలో మీరు అనుకోవాలి. ప్రతివాది గంటల తరబడి ఆమె పుస్తకాన్ని పేజీ పేజీ తిరగేసి అడిగాడు. ఆమె ప్రతిదానికీ నిలబడింది. ఇల్మో వెనక వరసలో కూర్చున్నాడు. ఆమె పిలవలేదు, కానీ ఆ వాదనకు ఎవరైనా రావచ్చు.

చివరికి ఆచారం ప్రకారం ఆమె సభ వైపు తిరిగింది. "నా పుస్తకం మీద అభ్యంతరం ఉన్నవారు ఇక్కడ ఎవరైనా ఉంటే, అధ్యక్షురాలి అనుమతి తీసుకుని మాట్లాడాలని కోరుతున్నాను."

ఈ మాటకు మా దగ్గర ఎవరూ లేవరు. అప్పటికే అందరి మనసూ బయట పెట్టిన కాఫీ మీద, కేకు మీద ఉంటుంది. పైగా లేచి అడిగినవాణ్ణి ఆ సాయంత్రం విందుకు పిలిచి తీరాలి, అదీ ఆచారమే. బెంచీలు కిర్రుమన్నాయి. అప్పుడు ఇల్మో లేచాడు.

కిర్రుమనడం ఆగిపోయింది. అతని మాట ఇప్పటికీ మా ఊళ్ళో బరువున్న మాట. అతను ఒక్క అనుమానం గట్టిగా నాటినా, తీర్పు రాయవలసిన ప్రతివాది చెయ్యి ఆగుతుంది. నా పక్కన హెల్కా కూతురు బెంచీ అంచు పట్టుకుంది.

"మీ వాదనంతా కొన్ని కణాల మీద నిలబడింది," అన్నాడు ఇల్మో. "అవి ఒంటివని ఏ ప్రోగ్రామూ చెప్పలేదు. మీరు చెప్తున్నారు. సభ మీ మాట ఎందుకు నమ్మాలి?"

"నమ్మనక్కర్లేదు. చూడవచ్చు," అంది హెల్కా. "ప్రతి కణానికీ ఫోటో ఉంది. దేన్ని చూడాలో మీరే చెప్పండి."

"పదిహేడు."

తెర మీద పదిహేడో ఫోటో వచ్చింది. బూడిద రంగులో ఒక గుండ్రని కణం, లోపల నీలంగా మెరిసే ఒకే కేంద్రకం. పక్కన, దాంట్లోంచి చదివింది: రెండు రకాల గుర్తులూ ఉన్నాయి.

"నలభై రెండు."

మళ్ళీ ఒకటే కణం, ఒకటే కేంద్రకం. రెండు రకాల గుర్తులు.

"తొంభై."

తెర మీద రెండు కణాలు ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి. హాల్లో ఎవరో గట్టిగా ఊపిరి పీల్చారు. హెల్కా తొందరపడలేదు.

"ఇది జంటే," అంది. "పీల్చాక ఫోటోలో చూసుకుని నేనే పక్కన పెట్టాను, పుస్తకంలో లెక్కలోకి తీసుకోలేదు. అన్నిట్లో సరిగ్గా దాన్నే పట్టుకున్నారు, మీ చెయ్యి మంచిది."

సభ నవ్వింది. ఈసారి ఆమె మీద కాదు.

"ఇంకొక్క మాట," అంది ఆమె, నవ్వు తగ్గాక. "ఫోటో తీసిన అన్నిటినీ మీ ప్రోగ్రాం ముందు కూడా పెట్టాను. పదిహేడునూ, నలభై రెండునూ జంటలని కొట్టేసింది. తొంభైలో రెండూ ఒకే రకం కాబట్టి దాన్ని ఒకటేనని వదిలేసింది."

ఇల్మో, అంత పొడుగు మనిషి ఏం చేయాలో తెలియక కోటు గుండీలు తడుముకోవడం చూశాను. "ఇక ప్రశ్నలు లేవు," అని కూర్చున్నాడు. ప్రతివాది లేచి, ఈ పుస్తకాన్ని ఒప్పుకోమని సిఫారసు చేస్తున్నానని చెప్పినప్పుడు, చప్పట్లు అతని చివరి మాటను మింగేశాయి.

బయట కాఫీ బల్ల దగ్గర హెల్కా కప్పు పట్టుకుని నేరుగా ఇల్మో దగ్గరికి వెళ్ళింది.

"సాయంత్రం ఆరింటికి విందు. రా."

"నిజంగా పిలుస్తున్నావా?"

"నేను కాదు, ఆచారం. అయినా రా."

వచ్చాడు. సరస్సు చేప, కొత్త బంగాళాదుంపలు, మీగడ పులుసు. మా విందుల్లో పట్టా పొందిన మనిషి వరసగా ఒక్కొక్కరికీ కృతజ్ఞత చెప్పాలి, చెప్పించుకున్నవాళ్ళు అదే వరసలో లేచి జవాబివ్వాలి. ప్రతివాది అయ్యాడు, ఒర్వొక్కి అయింది, మూడోది ఇల్మో. హెల్కా గ్లాసు పట్టుకుని లేచింది.

"ఇల్మో, నువ్వు నాకు పెళ్ళి పెద్ద అని పేరు పెట్టావు. ఆ పేరు లేకపోతే నాకు అంత కోపం వచ్చేది కాదు. కోపం లేకపోతే రెండు శీతాకాలాలు ఆ గదిలో కూర్చునేదాన్ని కాదు. కాబట్టి సగం కృతజ్ఞత ఇప్పుడు తీసుకో. మిగతా సగం నువ్వు మాట్లాడాక చూద్దాం."

ఇల్మో లేచాడు. చేతిలో కాగితం లేదు.

"నేను ఇవాళ లేచింది నిన్ను పడగొట్టడానికే," అన్నాడు. "దాచడం ఎందుకు. కాఫీ అయ్యాక ఇంటికెళ్ళి మన పాత ఫలితాలు తెరిచాను. ఊడ్చే మెట్టు తీసేసి చూశాను. ఉన్నాయి హెల్కా. ఇన్నేళ్ళూ అక్కడే ఉన్నాయి. చీపురు పట్టుకున్నది నేను. ఆ పాత వ్యాసానికి దిద్దుబాటు రాస్తాను. అందులో మొదటి పేరు నీది."

ఒర్వొక్కి ఫోర్కు ఎత్తి, "ఇల్మో, రాస్తానన్నది ఇంతమంది విన్నాం. ఇక కూర్చో, చేప చల్లారుతోంది," అంది.

"మిగతా సగం కూడా తీసుకో," అంది హెల్కా. గ్లాసులు ఎత్తారు. నేనూ ఎత్తాను, ఆమె కోసం. ఇల్మోను నేను క్షమించలేదు. క్షమించాల్సింది నేను కానందుకు ఆ రోజు సంతోషించాను.

ఆకురాలు కాలంలో దిద్దుబాటు వచ్చింది. చిన్న అక్షరాలు, ఒక మూల, కానీ మొదటి పేరు తోల్వనెన్. స్వీడన్‌లో ఆ ప్రతివాది మనుషులు తమ పాత ఫలితాల్లో ఊడ్చేసింది తెరిచి చూసుకుంటే వాళ్ళకూ అవే కణాలు దొరికాయి. ఇప్పుడు హెల్కాకు సొంత గది ఉంది, కింద నలుగురు విద్యార్థులు పనిచేస్తారు. వాళ్ళకు ఆమె చెప్పిన నియమం ఒక్కటే: చెత్త ఊడ్చే ముందు చెత్తను చూడండి. వాళ్ళు ఆమెను వెనకాల పెళ్ళి పెద్ద అనే పిలుస్తారు. ఆమెకు తెలుసు. చలిగదికి ఇప్పటికీ ఆ ఎర్ర సూటుతోనే వెళ్తుంది.

నేను ఆమెను చివరగా కలిసింది ఈ మార్చిలో, మంచు కరగడానికి కొంచెం ముందు. ఆమె కొత్త పని మీద వేరే దేశానికి ఏడాది పాటు వెళ్తోంది. రంధ్రాలు తొలుచుకుని, వీపులు గాలికి పెట్టి కూర్చున్నాం. చేపలు పడలేదు. చాలాసేపయ్యాక, ఎన్నాళ్ళ నుంచో నోటి దాకా వచ్చి ఆగిన మాట అడిగాను.

"నా తలలో రెండోది ఉంది కదా. అది కారుతుందా?"

మా ప్రాంతం మనుషులు ఏ ప్రశ్నకూ అవుననీ కాదనీ చెప్పరు. ఆమె దారం చుట్టి, డబ్బా మూత పెట్టి, మోకాళ్ళ మీద మంచు దులుపుకుని లేచింది.

"కారొచ్చు, కారకపోవచ్చు," అంది. "కానీ తనెలీ, ఇంతకుముందు ఏ కణాల్ని అడగాలో కూడా తెలీదు. ఇప్పుడు తెలుసు."